ఇంటికి తగిన సెల్‌ఫోను ప్లాను

"సార్, ఏ సిమ్ము మంచిది?"

హాలియాలో భౌతికశాస్త్రము బోధించుచున్న నాకు తరగతి గది వెలుపల తరచుగా ఎదురగు ప్రశ్న ఇది. న్యూటను సూత్రములను గురించి వీధిలో నన్ను ఆపి అడిగినవారు ఇంతవరకు లేరు. ఈ ప్రశ్న మాత్రము బస్‌స్టాండులోను, కూరగాయల అంగడిలోను, విద్యార్థుల తలిదండ్రులు కలిసినప్పుడును వినబడుచునే ఉండును. మొదట నేనును అందరివలెనే తోచిన కంపెనీ పేరొకటి చెప్పి ఊరకుండెడివాడను. ఒక రాత్రి జరిగిన సంగతి తరువాత అట్లు చెప్పుట మానుకొంటిని.

వైశాఖమాసములో ఒకనాడు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట గాలిదుమారము లేచి వాన పట్టుకొన్నది. కరెంటు పోయినది. అర్ధరాత్రి వేళ పొరుగింటి యువకుడు మా తలుపు తట్టెను. "సార్, మా నాయినమ్మకు దమ్ము ఆడుతలేదు. మా ఫోన్లు ఒక్కటి గూడ కలుస్తలేవు. మీ ఫోను నుంచి నూట ఎనిమిదికి చెయ్యుండ్రి సార్" అనెను. వారి యింట నాలుగు ఫోనులు గలవు. నాలుగింటను ఒకే కంపెనీ సిమ్ములు. ఇంటిల్లిపాది ఒకే కంపెనీలో ఉన్నచో చవుకయని ఎవరో చెప్పిన మాట విని అట్లు తీసికొనిరి. ఆ రాత్రి ఆ కంపెనీ సిగ్నలు పూర్తిగా ఆగిపోయినది. నా ఫోను మరియొక కంపెనీది. దానిలో ఒక్క గీత మాత్రము కనబడుచుండెను. ఆ ఒక్క గీతతో పిలుపు అందినది, అంబులెన్సు వచ్చినది, ముసలమ్మ బ్రదికినది.

మరునాడు ఆ యువకుడు ఒక మాట చెప్పెను. రాత్రి వారి ఫోనుల తెరమీద "అత్యవసర కాల్స్ మాత్రమే" అను అక్షరములు కనబడినవట. వాని అర్థము అతనికి తెలియదు. నాకును ఆ క్షణమున అది స్ఫురింపలేదు. ఆ అక్షరముల సంగతి వ్యాసము చివర చెప్పెదను.

ఆ రాత్రి నేర్పిన పాఠము చిన్నది. నమ్మదగిన సెల్‌ఫోను ప్లాను అనునది కంపెనీ పేరులో లేదు, ప్రకటనలోని ధరలోను లేదు. అది మన ఇల్లు ఉన్న చోటిని బట్టి ఉండును. ఆ చోటిని మనమే కొలిచి చూచుకొనవలెను. కొలత ముందు, ధర తరువాత. ఈ వరుస తప్పుటచేతనే చాలమంది రూపాయలు పెట్టియు వాకిట నిలబడి మాటలాడవలసి వచ్చుచున్నది.

సెల్లు అనగా నేమి?

తేనెపట్టును చూడనివారు ఉండరు. ఆరు పలకల చిన్న గదులు ఒకదానినొకటి అంటుకొని యుండును. ఇంగ్లీషులో అట్టి గదిని సెల్లు అందురు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన శాస్త్రజ్ఞులు ఒక ఆలోచన చేసిరి. ఊరికంతకు ఒక పెద్ద ప్రసార స్తంభము నిలుపుటకు మారుగా ఊరిని తేనెపట్టు గదులవలె చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క గదికి తక్కువ శక్తి గల స్తంభము నొకదానిని పెట్టినచో, ఒకే తరంగములను దూరపు గదులలో మరల మరల వాడుకొనవచ్చునని వారి ఊహ. అది ఆచరణలోనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో మార్టిన్ కూపర్ చేతిలో పట్టుకొను ఫోనుతో మొదటిసారి మాటలాడెను. మన దేశమున 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాటలాడుటతో సెల్‌ఫోను ప్రారంభమైనది. 2003 వరకు మనకు వచ్చిన పిలుపునకు కూడ మనమే రుసుము చెల్లించితిమి.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. టవరు మనతో మాటలాడుటయే కాదు, మన ఫోనును టవరుతో మాటలాడవలెను. టవరు పదుల వాట్ల శక్తితో ప్రసారము చేయును. మన చేతిలోని 4జి ఫోను ప్రసారము చేయు శక్తి హెచ్చుగా చూచినను వాటులో అయిదవ వంతు మాత్రమే. కావున దూరమున ఉన్నప్పుడు టవరు మాట మనకు చేరినను మన మాట టవరునకు చేరకపోవచ్చును. "నువ్వు మాట్లాడేది వినవస్తలేదు" అని అవతలివారు అనుచుండగా వారి మాట మాత్రము మనకు స్పష్టముగా వినబడుటకు ఒక కారణ మిదియే.

కాలువ చివరి పొలము

మా ప్రాంతపు వారికి టవరు సంగతి చెప్పుటకు నాగార్జునసాగరు ఎడమ కాలువ కంటె మంచి ఉపమానము లేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. కాలువ మొదటనున్న పొలమునకు నీరు సులభముగా అందును. చివరి పొలమునకు అందుట కష్టము. అందరును ఒకేసారి తూములు తెరచినచో చివరివాని వంతుకు బురద మిగులును. కాగితము మీద ఇద్దరిదియు ఆయకట్టే.

సెల్‌ఫోను కూడ ఇట్టిదే. ఒక టవరు మోయగల సమాచార ప్రవాహమునకు మితి గలదు. ఆ గదిలోనున్న ఫోనులన్నియు దానిని పంచుకొనవలెను. మధ్యాహ్నము రెండు గంటలకు పొలములవైపు ఎవరును వాడని వేళ చురుకుగా నడచిన ఇంటర్నెట్టు, రాత్రి తొమ్మిది గంటలకు ఊరివారందరు సినిమాలును క్రికెట్టును చూచు వేళ నత్తనడక నడచును. టవరునకు దూరమున ఉన్నవాడు చివరి పొలము రైతువంటివాడు. అతని ఫోనుకు సిగ్నలు బలహీనము గనుక అంతే సమాచారమును చేర్చుటకు టవరు ఎక్కువ కాలమును వెచ్చింపవలసి వచ్చును. కనుక "దినమునకు 2 జీబీ" అని ప్లానులో వ్రాసియున్నది కాగితము మీది ఆయకట్టు. అది మన పొలమున పారునో లేదో వేరే చూచుకొనవలెను.

పొడవు తరంగములు, పొట్టి తరంగములు

ఒకే వీధిలో ఒక కంపెనీ సిగ్నలు ఇంటి లోపలికి రాగా మరియొక కంపెనీది గడప దగ్గర ఆగిపోవుట మనము చూచుచున్నాము. టవరు దూరమొక్కటియే దీనికి కారణము కాదు. తరంగదైర్ఘ్యము కూడ కారణమే.

కంపెనీలు ప్రభుత్వమునుండి వేలములో వేర్వేరు పౌనఃపున్యములను పొందియున్నవి. పౌనఃపున్యమనగా సెకనుకు తరంగము ఎన్నిమార్లు కంపించునను లెక్క. రేడియో తరంగములు వెలుతురు వేగముతో, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఈ వేగమును పౌనఃపున్యముచేత భాగించినచో తరంగపు పొడవు తెలియును. 900 మెగాహెర్ట్సు తరంగము పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అనగా మూరకు తక్కువ. 1800 మెగాహెర్ట్సుది 17 సెంటీమీటర్లు. 2300 మెగాహెర్ట్సుది 13 సెంటీమీటర్లు. 2022 అక్టోబరులో మన దేశమున 5జి ప్రారంభమైనప్పుడు ముఖ్యముగా వాడుకలోనికి వచ్చిన 3300 మెగాహెర్ట్సు పైభాగపు తరంగములు 9 సెంటీమీటర్లు మాత్రమే.

పొడవైన తరంగము అడ్డు వచ్చిన వస్తువు అంచున వంగి వెనుకకు పోగలదు. దీనిని వివర్తనము అందురు. ధ్వని తరంగములు పొడవైనవి గనుకనే గోడ చాటున ఉన్నవాని మాట మనకు వినబడును. వెలుతురు తరంగములు మిక్కిలి పొట్టివి గనుక ఆ మనిషి కనబడడు. సెల్‌ఫోను తరంగములలోను ఇదే తారతమ్యము. 700, 850, 900 మెగాహెర్ట్సు తరంగములు గుట్ట చాటునకును, గోడ లోపలికిని కొంతవరకు చొచ్చును. 2300, 3300 తరంగములు వేగముగా ఎక్కువ సమాచారము మోయగలవు గాని అడ్డు తగిలినచో త్వరగా క్షీణించును.

నల్లగొండ, మహబూబునగరు మెట్ట ప్రాంతములలో రాతిగుట్టలు మెండు. గుట్టకు ఆవల ఉన్న ఊరికి ఈవలి టవరు ఉండియు లేనట్లే. ఇక ఇండ్ల సంగతి. పాత ఇండ్లకు మందపు రాతిగోడలు, కొత్త ఇండ్లకు ఇనుపకడ్డీలు వేసిన స్లాబు, కొన్నింటికి ఇనుపరేకుల కప్పు. రాయి తరంగమును కొంత మ్రింగివేయును. ఇనుపరేకు దానిని వెనుకకు త్రిప్పికొట్టును. రేకుల షెడ్డులో తలుపు మూసికొని కూర్చున్నచో టవరు పక్కనే ఉన్నను సిగ్నలు తగ్గుట సహజము. అందుచేత పట్నములో మేనల్లుడు "ఈ కంపెనీ బ్రహ్మాండము మామా" అని చెప్పిన మాట అతని ఇంటికి నిజమే కావచ్చును. మన ఇంటికి అది సాక్ష్యము కాదు.

ఇంట చేయదగిన పరీక్ష

ఫోను తెరమీది గీతలను నమ్మరాదు. ఎంత సిగ్నలుకు ఎన్ని గీతలు చూపవలెనను విషయమున ఫోనులు చేయువారందరు ఒకే నియమమును పాటించుట లేదు. ఒక ఫోనులో మూడు గీతలు, పక్క ఫోనులో రెండు గీతలు ఒకే సిగ్నలు కావచ్చును. దీనికి మారుగా అంకె యొకటి ఫోనులోనే కలదు. చాల ఆండ్రాయిడ్ ఫోనులలో సెట్టింగ్స్ తెరచి, ఎబౌట్ ఫోన్ అను చోట సిమ్ స్టేటస్ చూచినచో, సిగ్నల్ స్ట్రెంగ్త్ అను మాటకు ఎదురుగా "-97 డీబీఎం" వంటి అంకె కనబడును.

ఈ అంకెను చదువు విధము సులభము. ఒక మిల్లీవాటు శక్తిని సున్నగా పెట్టుకొని, అంతకు తగ్గినకొలది ఋణచిహ్నముతో చెప్పు కొలత ఇది. ప్రతి పది అంకెలు తగ్గినచో శక్తి పదవ వంతు అగును. -90 అనగా మిల్లీవాటులో వంద కోట్లవ వంతు. -100 అనగా అందులోను పదవ వంతు. కావున -80 కిని -110 కిని ఉన్న భేదము ముప్పది కాదు, వేయి రెట్లు. ఇంత అల్పశక్తిని పట్టుకొని మాటగా మార్చుచున్నందుకు మన ఫోనును మెచ్చుకొనవలెను. 4జి సిగ్నలు విషయములో స్థూలముగా -90 వరకు మంచిది. -90 నుండి -105 వరకు పని జరుగును. -105 దాటినచో మాట తెగుటకు అవకాశము హెచ్చు. -115 దాటినచో నమ్మరాదు. 4జిని 4జితోనే పోల్చవలెను. 2జి అంకెను తెచ్చి 4జి అంకె పక్కన పెట్టుట తూకపురాళ్ళు మార్చి తూచుటవంటిది.

ఇక పరీక్ష. ఒక నోటుపుస్తకములో అయిదు చోట్లు వ్రాసికొనుడు: పడుకొను గది, వంటగది, వాకిలి, మేడ, పొలములో మోటారు వద్ద. మూడు వేళలు వ్రాసికొనుడు: ఉదయము ఆరు, మధ్యాహ్నము రెండు, రాత్రి తొమ్మిది. మన సిమ్ముతో ఒకసారి, పొరుగువారిని అడిగి వేరు కంపెనీ సిమ్ముతో ఒకసారి అంకెలు వ్రాయుడు. వీలైనచో రెండు సిమ్ములను ఒకే ఫోనులో వేసి చూచుట మేలు. అప్పుడు ఫోనుల తేడా అంకెలలో కలియదు. రాత్రి తొమ్మిదింటికి వేగమును కూడ చూడవలెను. అందులకు భారత టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2016లో విడుదల చేసిన మైస్పీడ్ అను సాధనము ఉచితముగా దొరకును.

ఒక ఇంటిలో మొదటి కంపెనీకి వాకిట -84, పడుకొను గదిలో -112 వచ్చినదనుకొందము. రెండవ కంపెనీకి వాకిట -93, గదిలో -101 వచ్చినదనుకొందము. వాకిట మాత్రమే చూచినవాడు మొదటి కంపెనీని మెచ్చుకొనును. అర్ధరాత్రి పిలుపు వచ్చునది పడుకొను గదిలోనికి. కావున ఆ యింటికి రెండవదే మేలు. గోడ దాటుటలో మొదటిది 28 అంకెలు నష్టపోగా రెండవది 8 మాత్రమే నష్టపోయినది. రెండవది పొడవైన తరంగమై యుండవచ్చునని ఇంటి యజమాని టవరు ఎక్కకయే ఊహింపగలడు.

మరియొక పరీక్ష కలదు. దీనిని చాలమంది చేయరు. కరెంటు పోయినప్పుడు గడియారము చూచి, అరగంటకు ఒకసారి, గంటకు ఒకసారి సిగ్నలు ఉన్నదో లేదో వ్రాయవలెను. టవర్లకు బ్యాటరీలు, కొన్నింటికి డీజిలు జనరేటర్లు ఉండును. అవి ఎంతసేపు నిలుచునో ప్రకటనలలో ఎవరును చెప్పరు. మా పొరుగింటివారికి ఆ రాత్రి కావలసి వచ్చినది ఈ ఒక్క అంకెయే.

2024లో ట్రాయ్ చేసిన నిబంధనల ప్రకారము ప్రతి కంపెనీయు తన సిగ్నలు ఎక్కడ ఉన్నదో చూపు పటమును తన వెబ్‌సైటులో ఉంచవలెను. ముందు ఆ పటము చూచి, తరువాత ఈ పరీక్ష చేసినచో శ్రమ తగ్గును. పటము ఊరిని చూపునే గాని మన గోడను చూపదు. కావున పటము చూచితిమని పరీక్ష మానరాదు.

ఎవరికి ఏమి కావలెను?

కొలత ముగిసిన పిదప ఇంటివారి అవసరములను వ్రాసికొనవలెను. అందరికిని ఒకే ప్లాను వేయుట ఇంటిల్లిపాదికి ఒకే కొలత చెప్పులు కొనుటవంటిది.

మా ప్రాంతపు రైతు కుటుంబము నొకదానిని తీసికొందము. అవ్వకు బటను ఫోను. ఆమెకు పిలుపులు చాలును, డేటా అక్కరలేదు. తండ్రికి బ్యాంకు సమాచారములు, ఓటీపీలు, ధాన్యము అమ్మిన డబ్బు పడినదను సందేశము ముఖ్యములు. తల్లికి వీడియోలో హైదరాబాదులో చదువుచున్న కూతురును చూచుట ముఖ్యము. ఇంటరు చదువు కొడుకునకు పాఠములు చూచుటకు డేటా కావలెను. పొలములో సెల్‌ఫోనుతో నడుపు మోటారు స్టార్టరు ఉన్నచో దానికొక సిమ్ము.

బటను ఫోను విషయములో ఒక మెలకువ అవసరము. 2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించిన జియో మొదటినుండియు 4జి తోనే నడచినది. దానికి 2జి లేదు. కావున 2జి మాత్రమే తెలిసిన పాత బటను ఫోనులో ఆ సిమ్ము పనిచేయదు. మోటారు స్టార్టరులలోను 2జి మీదనే పనిచేయునవి కలవు. సిమ్ము కొనుటకు ముందు ఆ పరికరము ఏ తరమునకు చెందినదో పెట్టెమీద చదువవలెను.

డేటా ఎంత కావలెనో లెక్క వేయుట కూడ కష్టము కాదు. సెకనుకు ఒక మెగాబిట్టు వేగముతో నడచు మామూలు వీడియో గంటకు 3600 మెగాబిట్లు తీసికొనును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున అది 450 మెగాబైట్లు. దినమునకు 1.5 జీబీ ఉన్నచో ఇట్టి వీడియో మూడు గంటలకు పైగా చూడవచ్చును. పాఠములు గంటన్నర చూచు విద్యార్థికి దినమునకు 1 జీబీ చాలును. దినపు కోటా ముగిసిన పిదప చాల ప్లానులలో వేగము 64 కిలోబిట్లకు పడిపోవును. అనగా సెకనుకు 8 కిలోబైట్లు. ఆ వేగమున 2 మెగాబైట్ల ఫోటో ఒకటి చేరుటకు నాలుగు నిమిషములకు పైగా పట్టును. పిల్లవాని దరఖాస్తు చివరి దినమున ఈ సంగతి తెలియుట కంటె ముందే తెలియుట మేలు.

నెలకు ఎన్ని రోజులు?

మన పంచాంగములో ఏ నెలకైనను ముప్పది తిథులు. సెల్‌ఫోను కంపెనీల నెలకు చాలకాలముగా 28 రోజులు. 365ను 28చేత భాగించినచో 13 వచ్చును. కావున ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జీలు. ఒక ఉదాహరణము: 2024 జూలై 3 నుండి జియో దినమునకు 1.5 జీబీ ఇచ్చు 28 రోజుల ప్లాను ధరను 239 రూపాయలనుండి 299 రూపాయలకు పెంచినది. 299ని పన్నెండుచేత హెచ్చించి 3,588 అని ఇంటి లెక్క వ్రాసికొన్నవాడు పొరబడినట్లే. పదమూడుచేత హెచ్చించినచో 3,887. ధరలు మారుచునే ఉండును. లెక్క వేయు విధము మారదు. ప్లాను ధరను దాని రోజులచేత భాగించి, రోజుకు ఎంత పడునో చూచి పోల్చవలెను. పై ప్లానుకు రోజుకు 10 రూపాయల 68 పైసలు.

ఈ విషయమున ఫిర్యాదులు రాగా 2022 జనవరిలో ట్రాయ్ ఒక ఉత్తరువు చేసినది. ప్రతి కంపెనీయు 30 రోజుల ప్లానును, ప్రతి నెల ఒకే తేదీన పునరుద్ధరింపదగు ప్లానును కొన్నియైనను ఉంచవలెనని ఆ ఉత్తరువు సారాంశము. 2024 డిసెంబరులో మరియొక మేలు జరిగినది. డేటా లేకుండ పిలుపులు, సందేశములు మాత్రమే ఇచ్చు ప్లానులను ఉంచవలెననియు, ప్రత్యేక ప్లానుల గడువు 365 రోజుల వరకు ఉండవచ్చుననియు నియమము వచ్చినది. దానిని అనుసరించి 2025 జనవరిలో ఎయిర్‌టెల్ ప్రకటించిన అట్టి ప్లాను ధర 84 రోజులకు 469 రూపాయలు, 365 రోజులకు 1,849 రూపాయలు. ఏడాది ప్లానులో రోజుకు 5 రూపాయల 7 పైసలు. అవ్వ వాడని డేటాకు డబ్బు కట్టుచున్న ఇండ్లు నాకు చాల తెలియును. అంగడివాడు తనంతట తాను ఇట్టి ప్లాను చూపకపోవచ్చును. పేరు పెట్టి అడుగవలెను.

చవుకకై అవ్వ సిమ్మును రీచార్జి చేయక వదలివేయుట మాత్రము మంచిది కాదు. గడువు తీరిన పిదప ముందు మనము చేయు పిలుపులు ఆగును. కొన్నాళ్ళకు వచ్చు పిలుపులును ఆగును. చాలకాలము వాడకము లేనిచో కంపెనీ ఆ సంఖ్యను రద్దుచేసి, కనీసము 90 రోజుల పిమ్మట మరియొకరికి ఇయ్యవచ్చును. ఆమె బ్యాంకు ఖాతాకు, ఆధారుకు ఆ సంఖ్యయే జతపరచి యున్నచో, ఆమె ఓటీపీలు ఎవరో తెలియనివారి ఫోనుకు పోవును. సంఖ్య నిలుపుకొనుట నేడు ఇంటి తాళపుచెవి నిలుపుకొనుటతో సమానము. అట్లే సిమ్ము ఎవరి పేరున ఉన్నదో కూడ ఒకసారి చూచుకొనవలెను. ఊరు విడిచి పోయిన బంధువు పేరున ఉన్న సిమ్ము పోయినచో మరల తీసికొనుట మన చేతిలో ఉండదు.

ఒక త్రాడు, రెండు త్రాళ్ళు

మా పొరుగింటివారి సంగతికి మరల వత్తము. బావిలో చేదకు ఒక్క త్రాడు ఉన్నచో అది తెగిననాడు నీళ్ళు లేవు. ఒక కంపెనీ సిగ్నలు నూరు గంటలలో 2 గంటలు ఉండదనుకొందము. ఏడాదికి 8,760 గంటలు. అందులో 175 గంటలు ఆ ఇల్లు లోకముతో సంబంధము లేక యుండును. రెండవ కంపెనీదియు అంతే బలహీనమనుకొందము. ఒకదాని వైఫల్యమునకు మరియొకదానితో సంబంధము లేనిచో, రెండును ఒకేసారి పోవు అవకాశము నూటికి రెండులో నూటికి రెండు, అనగా పదివేలకు నాలుగు. ఏడాదికి మూడున్నర గంటలు మాత్రమే. ధర పెంచకుండ, నాలుగు సిమ్ములలో ఒకదానిని మాత్రము వేరు కంపెనీకి మార్చుటచేత 175 గంటలు మూడున్నర గంటలకు దిగినవి.

ఈ లెక్కలో "సంబంధము లేనిచో" అను మాట ప్రాణము. మన దేశమున ఒకే టవరు స్తంభము మీద రెండు మూడు కంపెనీలు తమ పరికరములు తగిలించుకొనుట వాడుక. 2007లో ఏర్పడిన ఇండస్ టవర్స్ వంటి సంస్థలు స్తంభములు నిలిపి అనేక కంపెనీలకు అద్దెకిచ్చుచున్నవి. స్తంభము ఒకటే, బ్యాటరీ ఒకటే అయినచో, కరెంటు పోయిననాడు రెండు కంపెనీలును కలిసి పడుకొనును. పేర్లు రెండు, త్రాడు ఒకటి. కరెంటు పోయినప్పుడు చేయుమని పైన చెప్పిన పరీక్ష దీనినే పట్టి యిచ్చును. రెండు సిగ్నళ్ళును ఒకే నిమిషమున పోయినచో అవి ఒకే స్తంభము మీదివని అనుమానింపవచ్చును. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన తరంగ్ సంచార్ అను పోర్టలులో చుట్టుపట్ల టవర్ల వివరములను చూడవచ్చును.

ఇంటికి ఫైబరు ఇంటర్నెట్టు ఉన్నవారికి మూడవ త్రాడు కూడ కలదు. వైఫై కాలింగ్ అను సదుపాయమును ఫోనులో తెరచి యుంచినచో, రాతిగోడల గదిలో టవరు సిగ్నలు లేకున్నను ఆ ఇంటర్నెట్టు మీదనే మామూలు పిలుపులు వచ్చును, పోవును. కరెంటు పోయినప్పుడు వైఫై పెట్టెకు చిన్న బ్యాటరీ లేనిచో ఈ త్రాడును తెగునని మరువరాదు.

సంఖ్య మారకుండ కంపెనీ మారుట

పరీక్షలో వేరు కంపెనీ మేలని తేలినచో సంఖ్య మార్చుకొన నక్కరలేదు. 2011 జనవరి 20 నుండి దేశమంతట ఈ సదుపాయము కలదు. పోర్టు అను మాటను, ఖాళీ విడిచి మన సంఖ్యను వ్రాసి 1900కు సందేశము పంపినచో ఎనిమిది అక్షరముల సంకేతము వచ్చును. అది మన ప్రాంతమున నాలుగు దినములు చెల్లును. దానిని తీసికొని కొత్త కంపెనీ అంగడికి పోవలెను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండును ఒకే సేవాప్రాంతము గనుక మామూలుగా మూడు పనిదినములలో మార్పు జరుగును.

మూడు జాగ్రత్తలు. ఒకటి, పాత ప్లానులో మిగిలిన రోజులు, సొమ్ము కొత్త కంపెనీకి రావు. కావున గడువు ముగియు వేళకు మారవలెను. రెండు, ఒకసారి మారినచో 90 రోజులవరకు మరల మారుటకు వీలులేదు. అందుకే పరీక్ష ముందు, మార్పు తరువాత. మూడు, బ్యాంకు పనియో, పరీక్ష రుసుమో చెల్లింపవలసిన వారమున మారరాదు. మార్పు జరుగు వేళ కొంతసేపు సందేశములు ఆగును.

ఉన్న కంపెనీలోనే ఉండదలచినవారు ఫిర్యాదు చేయుటకు 198కి పిలువవలెను. వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. "సిగ్నల్ మంచిగ లేదు" అనుట కంటె "పడుకొను గదిలో రాత్రి తొమ్మిదింటికి వారము రోజులుగా -114" అని నోటుపుస్తకము చూచి చెప్పిన ఫిర్యాదునకు బలము హెచ్చు.

ఆ నాలుగు అక్షరములు

ఇక మొదట విడిచిన సంగతి. తెరమీద "అత్యవసర కాల్స్ మాత్రమే" అని కనబడినచో, మన కంపెనీ సిగ్నలు లేకున్నను మరియొక కంపెనీ టవరు ఫోనునకు అందుచున్నదని అర్థము. అప్పుడు మామూలు పిలుపు పోదు. 108ని కూడ ఫోను మామూలు సంఖ్యగానే చూడవచ్చును. కాని 112 ప్రపంచమందలి సెల్‌ఫోనులన్నియు అత్యవసర సంఖ్యగా గుర్తించునట్లు నిర్మింపబడినవి. మన దేశమునకంతకు ఒకే అత్యవసర సంఖ్యగా నిర్ణయించినదియు ఆ 112నే. దానికి పిలిచినచో ఫోను కంపెనీ భేదము చూడక అందిన టవరును పట్టుకొని పిలుపును పంపుటకు ప్రయత్నించును. ఆ రాత్రి మా పొరుగింటి నాలుగు ఫోనులును తెరమీద ఆ మాటనే చెప్పుచుండెను. చదువ నేర్చినవారు లేకపోయిరి. ఆ లోపములో నాకును భాగము కలదు.

ఇప్పుడు ఆ ఇంటి గోడమీద క్యాలెండరు పక్కన 112 అని పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. యువకుని ఫోను వేరు కంపెనీకి మారినది. అవ్వకు పిలుపుల ప్లాను వేసిరి. మిగిలిన రెండు సిమ్ములును మునుపటివే. వారు పరీక్ష వ్రాసిన నోటుపుస్తకమును నాకు చూపిరి. వాకిలి, వంటగది, మేడ అని గీతలు గీసి అంకెలు వేసియుండిరి. అవ్వ మంచము ఉన్న మూలకు మాత్రము వేరుగా ఒక గడి గీసియున్నది.

కావున ఇప్పుడు ఎవరైన "సార్, ఏ సిమ్ము మంచిది?" అని అడిగినచో నేను కంపెనీ పేరు చెప్పుట లేదు. "రాత్రి తొమ్మిదింటికి మీ ఇంట్ల ముసలోళ్ళు పండుకునే కాడ ఎంత సిగ్నల్ వస్తదో చూసి రాండ్రి. అప్పుడు మాట్లాడుదాం" అని చెప్పుచున్నాను. అడిగినవారిలో సగము మంది మరునాడు అంకె వ్రాసికొని వచ్చుచున్నారు. ఆ పిమ్మట వారికి నా సలహా అంతగా అవసరముండుట లేదు.